మూడుల జత

బస్సు రాయకోట దాటి ఎంతో దూరం రాకముందే రైల్వే గేటు పడింది. గేటు పడటం అందరికీ ఒకేలా ఉండదు. డ్రైవరు ఇంజను ఆపి మెడలో తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. టమోటా మండీ నుంచి తిరిగొస్తున్న ఆడవాళ్లు వెనక సీట్లో కాళ్లు చాపుకుని వక్కాకు సంచులు విప్పారు. మునివెంకటప్పకు మాత్రం ఆ ఎర్ర కమ్మీ వాలుతుంటే తన రొమ్ము మీదే వాలుతున్నట్టు అనిపించింది. ఒడిలో ఉన్న సున్నప్పొడి సంచిని రెండు చేతులా అదిమి పట్టుకుని, కిటికీలోంచి మెడ సాచి పట్టాల వంక చూశాడు. రైలు జాడ లేదు. ఎండ చూస్తే నడినెత్తికి ఎక్కుతోంది.

ఎండ నడినెత్తికి వచ్చిందంటే బోరు కాడ ముక్కలు పంచేస్తారు. అతను ఉన్నా పంచుతారు, లేకున్నా పంచుతారు. లేకుంటే అతని వంతు గింజలు వాటంతటవే తరుగుతూ పోతాయి. భయం దానికే.

ఈ ముక్కలేమిటో, గింజలేమిటో చెప్పాలంటే ముందు పురుగుల సంగతి చెప్పాలి. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ఈ మెట్టల్లో గులాబీ షెడ్లు వచ్చాయి, గుట్టల్ని పలకలుగా కోసి లారీలకెత్తే క్వారీలు వచ్చాయి, సూళగిరి పక్కన ఫ్యాక్టరీల పేట వచ్చింది. అయినా కెలమంగలం చుట్టుపక్కల పట్టుపురుగును వదలని ఇళ్లు ఇంకా ఉన్నాయి. పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు తిండి మాని, తలెత్తి, కదలకుండా పడుకుంటుంది. శాస్త్రం దానికి ఏ పేరు పెట్టుకున్నా ఇక్కడివాళ్లు జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం, అలా. జ్వరం అన్న మాటలోనే ఉంది చూడండి, ఆ ఇంటివాళ్లు పురుగును ఏ కంటితో చూస్తారో. నాలుగో జ్వరం లేచాక మాత్రం అది బకాసురుడి కడుపుతో లేస్తుంది. రేయింబవళ్లు తింటుంది. కొట్టంలో చెవి పెడితే తాటాకుల మీద వాన పడుతున్న చప్పుడు. ఆ వారం రోజులూ ఆకు పచ్చగా, రసంగా ఉండాలి. ఎండిన ఆకు పెడితే పురుగు పాలిపోయి, మెత్తబడి, గూడు కట్టే చంద్రిక ఎక్కకుండానే నల్లబడి పోతుంది.

మునివెంకటప్ప ఇంట్లో పురుగులు నాలుగో జ్వరం లేచి ఒక పొద్దయింది. తోటలో మల్బరీ ఆకు అంచులు ముడుచుకుంటున్నాయి.

కిందటి రెండు పంటలూ ఇలాగే పోయాయి. మూడోది కూడా పోతే సూళగిరి కంపెనీలో పనికి వ్యాను ఎక్కేస్తానని అతని భార్య పిల్లమ్మ చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే ఇంత భయపడేవాడు కాదు. ఆకు తరుగుతూ, తల ఎత్తకుండా, రేపు రాగులు పట్టించుకు రావాలన్నంత మామూలుగా చెప్పింది. ఆమె వ్యాను ఎక్కితే తోట చూసేవాళ్లు ఉండరు. తోట చూసేవాళ్లు లేకపోతే, రోడ్డు వారనున్న పొలాల్లో తెల్లరాళ్లు పాతిపోతున్న ప్లాట్లవాళ్లు తనదీ అడుగుతారు. అయితే అతణ్ణి పట్టుకున్న భయం అది కాదు. వ్యాను పోయే చోట ఏముంటుందో అతనికి తెలుసు.

కమ్మీ కింద నుంచి వంగి దూరి వచ్చిన ఒక ముసలాయన బస్సు తలుపు తట్టాడు. కండక్టరు సణుగుతూ ఎక్కించుకున్నాడు. ఖాకీ ప్యాంటు, పైన గళ్ల చొక్కా, చంకలో గొడుగు. నడవలో రెండడుగులు వేసి ఆగి, మునివెంకటప్ప ముఖంలోకి వంగి చూశాడు.

"మునెంకటప్పా? ఏమప్పా, ఎవరో తరుముకొస్తా ఉన్నట్టు కూర్చోనుండావే?"

రాజప్ప. మునివెంకటప్ప ఊరివాడే. ఇప్పుడు హోసూరులో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. కూతురు రైల్వే గేటు పక్క ఊళ్లో ఉంటుందట, చూసి వస్తున్నాడట. మునివెంకటప్ప సంచి ఎత్తి చోటిచ్చాడు. ఈ మనిషిని ఇప్పుడు, ఈ బస్సులో చూడటం మంచికో చెడుకో అతనికి అర్థం కాలేదు. ఎందుకంటే బోరు కాడ ఆ ఆట నేర్పినవాడు రాజప్పే.

అదొక పెద్ద కథ. బోరు ముగ్గురి ఉమ్మడి. మునివెంకటప్పకు, అతని పెదనాయన కొడుకు ఈరప్పకు, పక్క పొలం కలైవాణికి. కలైవాణి మామ ఉన్నప్పుడు ముగ్గురు పెద్దలూ కలిసి వేయించిన బోరు అది. కలైవాణి మొగుడు లారీతో పాటు దేశాల మీద ఉంటాడు కాబట్టి వంతు ఆమెది. పాతికేళ్ల కిందట రోజుకొకరు చొప్పున తడుపుకునేవారు. తర్వాత నీళ్లు కిందికి దిగాయి. త్రీఫేజు కరెంటు పగటిపూట కాసేపు వచ్చి పోతుంది. ఉన్న నీళ్లు మూడు పాళ్లు చేస్తే ఎవరి చివరి మడీ తడవదు, ముగ్గురి పైరూ ఎండుతుంది. ఒక వేసవిలో కలైవాణి జాలిపడి తన వంతు ఈరప్ప టమోటాకు వదిలేసింది. ఆమె గులాబీ మొక్కలు మోడైపోయాయి. ఆ తర్వాత అడగడం లేదు, ఇవ్వడం లేదు అని ముగ్గురూ బోరు గొట్టం మీద చేయి వేసి ఒట్టు పెట్టుకున్నారు. చీట్లు వేసి చూశారు, చీటీ మడిచినవాడి మీద అనుమానం. మూడుముక్కలాట ఆడి చూశారు. ఒక్క పంపకంలో ఈరప్ప మొత్తం నీళ్లు పోగొట్టుకుని పార ఎత్తాడు.

అప్పుడు రాజప్ప ఊళ్లోనే ఉన్నాడు. బెంగళూరులో ఒక పేకాట క్లబ్బులో ఏళ్ల తరబడి టీలు అందించి, అది మూతబడితే వచ్చేశాడు. టీ అందించేవాడిని ఆడేవాళ్లు మనిషిగా లెక్కపెట్టరు కాబట్టి అతను అందరి చేతులూ చూశాడు. అక్కడ హోల్డెం అనే ఆట ఉంది. మనిషికి రెండు ముక్కలు, అందరికీ ఉమ్మడిగా నేల మీద ఐదు: ముందు మూడు, తర్వాత ఒక్కొక్కటిగా తెరుస్తారు. జత లేనివాడి మీద జత ఉన్నవాడిది, చిన్న జత మీద పెద్ద జతది గెలుపు. అందులో లిమిట్ అని ఒక రకం: ఎంత పడితే అంత పెట్టేందుకు లేదు, ప్రతిసారీ పందెం ఇంతే అని కట్టు. ఒక్క ఊపులో ఎవడూ మునిగిపోడు. పార ఎత్తే పని ఉండదు. ముగ్గురికీ అది నచ్చింది. మనిషికి ముప్పై చింతగింజలు, గింజకొక మడి నీళ్లు. కరెంటు వచ్చేదాకా ఆట, వచ్చాక ఎవరి ముందు ఎన్ని గింజలుంటే అన్ని మడులు. మర్నాడు మళ్లీ తలా ముప్పై. ముక్కలు చూడకముందే పంచేవాడి పక్కవాడు ఒక గింజ, ఆ పక్కవాడు రెండు గింజలు వేయాలి. దాన్ని బ్లైండు అంటారు. ఆడేది ముగ్గురే కాబట్టి మూడు పంపకాల్లో రెండింట బ్లైండు తగులుతూనే ఉంటుంది. మనిషి రాకపోయినా అతని కుప్పలోంచి తీసి వేస్తారు.

గేటు లేచింది. బస్సు మూలిగి కదిలింది. మునివెంకటప్ప ఊపిరి వదిలాడు. ఊపిరితో పాటు మాటలూ వచ్చాయి. ఆకు సంగతి, పిల్లమ్మ అన్న మాట, ఇవ్వాళ నలభై మడులన్నా తడవకపోతే పురుగులు దక్కవన్న సంగతి, పురుగుల తట్టల్లో చల్లే సున్నప్పొడి కెలమంగలం అంగట్లో లేక రాయకోటకు పరుగెత్తిన సంగతి, అన్నీ చెప్పుకున్నాడు. వేసవంతా నీ ఆటలో ఓడిపోతూనే ఉన్నానని కూడా చెప్పాడు, నిష్ఠూరం లేకుండా.

"ఎట్ల ఓడిపోతాండావు?" అన్నాడు రాజప్ప. అతను మాట అడిగే తీరులో ఇంకా టీ గ్లాసు అందించే వినయం ఉంది.

"చిన్న జతలతోనన్నా. బ్లైండులో ఎప్పుడు చూసినా రెండులు, నాలుగులు, ఐదులు. జత గదా అని ఆశ. నేల మీద రాజూ రాణీ పడినారంటే జడుపు. పడేస్తాను."

రాజప్ప గొడుగు పిడి మీద గడ్డం ఆనించాడు.

"ముగ్గురూ ఉండారనుకో, అప్పుడు పడేసేది సరే. ఒక గింజ ఎక్కువేసి మూడు ముక్కలు చూడు. నీ జతకు మూడోది తోడు వచ్చిందా, కూర్చో. రాలేదా, లేచిపో. ముగ్గురిలో ఎవరికో ఒకరికి పెద్దది తగిలే ఉంటాది. ఇద్దరే మిగిలినప్పుడు అట్ల కాదు. ఎదుటోడికి గూడా చాలాసార్లు ఏమీ ఉండదప్పా. మూడులు గూడా జతే. నేల మీద రాజు పడినాడని నువ్వు జడుస్తావు, వాని చేతిలో రాజు ఉండాదని ఎవరు చెప్పినారు నీకు?"

"ఉంటే?"

"ఉంటే పోతాయి. చివరిదాకా కూర్చుంటే ఎన్ని పోతాయో ముందే తెలుసు గదా. అందుకే గదా లిమిట్. తెలిసినదానికి ఎందుకు భయం?"

"తెలిసినదానికే గదన్నా ఎక్కువ భయం," అన్నాడు మునివెంకటప్ప.

రాజప్ప నవ్వలేదు. ఆ మాట అతనికి కొత్తగా తోచినట్టుంది.

మునివెంకటప్పది లేచిపోయిన బతుకు. బడిలో అయ్యవారు లెక్క చేయమని బోర్డు దగ్గరికి పిలిస్తే కిటికీ దూకి పోయాడు, మళ్లీ ఆ దారిన నడవలేదు. పిల్లమ్మను చూడటానికి పోయిన రోజు బస్టాండు దాటడానికి కాళ్లు రాక బెంచీ మీద కూర్చుండిపోతే, పిల్లమ్మ తండ్రే వెతుక్కుంటూ వచ్చి, మేక పిల్లను తోలుకుపోయినట్టు చేయి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఆ కథ చెప్పి పిల్లమ్మ ఇప్పటికీ నవ్విస్తుంది. ఆమె చెప్పని కథ, ఆమెకు తెలియని కథ ఒకటి ఉంది. పెళ్లికి ముందు అతను హోసూరులో ఒక చిన్న షెడ్డులో రేకులు ఒత్తే ప్రెస్సు దగ్గర పనిచేశాడు. ఒకనాడు పక్క ప్రెస్సు మనిషి, ఏదో చెబుతూ చెబుతూ, మాట మధ్యలో ఆగిపోయాడు. చేయి మిషను లోపల ఉంది. కేక కూడా వేయలేదు. తన చేతి వంక ఎవరిదో అన్నట్టు చూస్తున్నాడు. మునివెంకటప్ప అన్నం క్యారియరు అక్కడే వదిలి బయటికి నడిచాడు, నడుస్తూ నడుస్తూ రాత్రికి ఊరు చేరాడు. సూళగిరి వ్యాను అన్న మాట వినగానే అతనికి కనిపించేది ఆ మాట మధ్యలో ఆగిన ముఖం. ఆ ముఖం ఒక్కోసారి పిల్లమ్మ ముఖంగా మారుతుంది.

మలుపు స్టాపింగులో దిగారు. రాజప్ప కెలమంగలం దాకా టికెట్టు తీసుకున్నవాడు, ఏమనుకున్నాడో తనూ దిగాడు. ఊరికే చూసిపోతా అన్నాడు. మునివెంకటప్ప సంచిని ఇంటి గుమ్మం ముందు పెట్టి, కేక వేసి, లోపలికి పోకుండానే చేను గట్టు పట్టాడు. పిల్లమ్మ తొంగిచూసేసరికి ఇద్దరి వీపులే కనిపించాయి.

మోటారు కొట్టంలో గోనెపట్ట పరిచి ఈరప్ప, కలైవాణి ఎదురుబొదురుగా కూర్చున్నారు. గోడకు స్టార్టరు పెట్టె, పైన ఎర్ర బల్బు. త్రీఫేజు వస్తే బల్బు వెలుగుతుంది. ఇంకా వెలగలేదు.

"వచ్చినావా దొరా," అన్నాడు ఈరప్ప, దవడలో పొగాకు సర్దుకుంటూ. "నీ గింజలు నీకంటే ముందే మా ఒడిలోకి వచ్చి కూర్చోనుండాయి."

"నేను ఆపమంటానే ఉండానన్నా," అంది కలైవాణి. "ఈ అన్న వింటేనా."

మునివెంకటప్ప తన కుప్ప చూసుకున్నాడు. ముప్పైలో ఆరు పోయాయి. ఒక్క ముక్క చూడకుండా, ఒక్క మాట అనకుండా, బస్సులో కూర్చున్నందుకు ఆరు మడులు పోయాయి. రాజప్పను చూసి ఇద్దరూ పలకరించారు. చూసేవాళ్లు నోరు మెదపకూడదన్నది రాజప్ప పెట్టిన నియమమే కాబట్టి అతను గుమ్మం దగ్గర గొడుగు ఆనించి చతికిలబడ్డాడు.

కూర్చునే ముందు మునివెంకటప్ప జేబులోంచి రెండు పాలకవర్లు తీశాడు. కడిగి ఆరేసినవి. ఒక్కో చేతికీ ఒకటి తొడిగి, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకున్నాడు. కొత్తవాళ్లు చూస్తే నవ్వుతారు. పురుగులు పెంచేవాళ్లు నవ్వరు. పట్టుపురుగుకు పొగాకంత పగ ఇంకొకటి లేదు. పొగాకు ముట్టిన వేళ్లతో ఆకు ముట్టి పరిస్తే పురుగు పచ్చటి నీళ్లు కక్కి, మెలికలు తిరిగి చస్తుంది. ఈరప్ప దవడలో ఎప్పుడూ పొగాకు ఉంటుంది, ముక్కల మీదా గింజల మీదా అతని వేళ్లు తిరుగుతూనే ఉంటాయి. అవి ఒట్టి చేత్తో ముట్టుకుంటే, సబ్బుతో కడిగినా సరే, మర్నాడు తలస్నానం చేసేదాకా పురుగుల కొట్టంలోకి రానివ్వదు పిల్లమ్మ. అందుకని మునివెంకటప్ప ఈ మూడు వేసవులుగా పాలకవర్లతోనే పేక ఆడుతున్నాడు. ముక్క ఎత్తాలంటే మూడుసార్లు జారుతుంది.

ఆట సాగింది. ఒక బ్లైండులో ఐదుల జత వచ్చింది. ముగ్గురూ ఉన్నారు. రాజప్ప చెప్పినట్టే ఒక గింజ ఎక్కువేసి మూడు ముక్కలు చూశాడు: రాణి, పది, ఏడు. ఐదు లేదు. ఈరప్ప పెట్టాడు, కలైవాణి పెంచింది. మునివెంకటప్ప ఎడమ చేయి కుడి మణికట్టు మీద రబ్బరు బ్యాండు దగ్గరికి పోయి ఒకసారి దాన్ని లాగింది. తర్వాత ముక్కలు పడేశాడు. కలైవాణి దగ్గర రాణి ఉంది. రాజప్ప వంక చూస్తే అతను కళ్లతోనే ఔనన్నాడు. ఇంకోసారి రాజుల జతే వచ్చింది. చేతులు కదల్చకుండా కూర్చుని పెంచాడు. వాళ్లిద్దరూ వెంటనే పడేశారు. మంచి ముక్కలొచ్చినప్పుడు ఎప్పుడూ ఇంతే. అటూ ఇటూ అయి అతని ముందు ఇరవై ఆరు గింజలున్నాయి.

ఈరప్ప మళ్లీ పంచాడు. చివరి ముక్క పడుతుండగా ఎర్ర బల్బు వెలిగింది.

బల్బు వెలిగితే ఆ పంపకమే ఆఖరు. ముగ్గురూ దాని వంక చూశారు. కలైవాణిది ఒక గింజ బ్లైండు, మునివెంకటప్పది రెండు. అతను ముక్కలు ఎత్తాడు. మొదటిది జారింది. రెండోసారి ఎత్తాడు. ఇస్పేటు మూడు, డైమను మూడు.

ఈరప్ప తన ముక్కలు చూసి నాలుగుకు పెంచాడు. కలైవాణి పడేసింది. ఇక ఇద్దరే.

ఇప్పుడు లేచిపోతే ఇరవై నాలుగు. ఇరవై నాలుగు మడులతో తోట నడిమికి కూడా నీళ్లు చేరవు. చివరిదాకా కూర్చుని ఓడితే పన్నెండు. గెలిస్తే నలభై దాటుతుంది. మునివెంకటప్ప లెక్క వేసుకోలేదు, ఆ లెక్క దానంతటదే వచ్చి ఎదురుగా నిలబడింది. రెండు గింజలు ముందుకు తోశాడు.

నేల మీద మూడు ముక్కలు: కళావరు రాజు, ఆఠీను తొమ్మిది, ఇస్పేటు ఆరు. మూడు లేదు.

రాజు అతని వంకే చూస్తున్నట్టుంది. ఈ పేకముక్కల్లో రాజు బొమ్మ వేసినవాడెవడో గానీ, కన్ను పక్కకు తిప్పి వేశాడు. ఎటు కూర్చున్నా తననే చూస్తాడు. మునివెంకటప్ప పందెం వేయకుండా ఊరుకున్నాడు. ఈరప్ప రెండు గింజలు వేశాడు. వాని చేతిలో రాజు ఉండాదని ఎవరు చెప్పినారు అన్న రాజప్ప మాట చెవిలో మోగింది. ఎవరూ చెప్పలేదు. లేడనీ ఎవరూ చెప్పలేదు. రెండు వేశాడు.

నాలుగో ముక్క జాకీ. ఇక్కణ్ణించి పందెం నాలుగేసి. ఈరప్ప ఆలోచించకుండా నాలుగు వేశాడు. అతని దవడ ఆడుతూనే ఉంది. మునివెంకటప్పకు కాళ్లు లేవమంటున్నాయి. గుమ్మం ఎదురుగానే ఉంది. కిటికీ దూకిన కాళ్లు, ప్రెస్సు షెడ్డులోంచి బయటికి నడిచిన కాళ్లు అవి, వాటికి ఆ పని బాగా వచ్చు. కళ్ల ముందు పిల్లమ్మ వ్యాను మెట్టు మీద కాలు పెడుతోంది. ఎక్కాక కిటికీ పక్కన కూర్చుంటుంది, పక్కనామెతో ఏదో చెబుతూ ఉంటుంది, చెబుతూ చెబుతూ... నాలుగు గింజలు ఎలా ముందుకు పోయాయో అతనికి తెలియదు. తోశాక చూస్తే అక్కడున్నాయి.

ఐదో ముక్క నాలుగు. ఎవరికీ పనికిరానిది. మునివెంకటప్ప మళ్లీ ఊరుకున్నాడు. కుడిచేతి కవరు లోపల చెమట చేరి వేళ్ల సందుల్లో నీళ్లలా కదులుతోంది. చర్మం ఉడికిపోతోంది. ఇంకొక్క క్షణం ఆ చేయి అలా ఉంటే ఆ ప్రెస్సు కింద ఉన్నది తన చేయే అనిపించేటట్టుంది. రబ్బరు బ్యాండు లాగి, కవరు ఊడబెరికి పక్కన పడేశాడు. చెమట గోనెపట్ట మీద చుక్కలుగా పడింది.

ఈరప్ప ముఖం విచ్చుకుంది. కలైవాణి తల తిప్పుకుంది. ఈరప్ప తాపీగా నాలుగు గింజలు ఒక్కొక్కటిగా వేశాడు, వేస్తూనే రెండో చేయి కుప్ప వైపు చాచాడు.

"ఉండన్నా," అన్నాడు మునివెంకటప్ప. ఆ గొంతు అతనికే వినపడలేదు. ఒట్టి చేత్తో నాలుగు గింజలు వేశాడు.

ఈరప్ప చాచిన చేయి అలాగే ఆగింది.

"ఏమి చేస్తాండావు నువ్వు?" అన్నాడు. "పడేసేవాడివి గదా?"

"చూపించన్నా."

ఈరప్ప ముక్కలు తిప్పాడు. ఆసు, ఎనిమిది. నేల మీది ఏ ముక్కకూ వాటితో చుట్టరికం లేదు. మునివెంకటప్ప తన రెండు మూడులూ పక్కపక్కన పెట్టాడు. అవి చాలా చిన్నగా, ఇంత కొట్లాటకు సరిపోనట్టుగా ఉన్నాయి. గెలిచానన్న సంగతి కలైవాణి తలూపాక గానీ అతనికి తెలియలేదు. తెలిశాక కూడా భయం దిగలేదు.

ఈరప్ప ఉమ్మి వచ్చి కూర్చున్నాడు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ అతనికి.

"రబ్బరు బ్యాండు మీద చేయి పడిందంటే మునెంకటప్ప లేచినట్టే. మూడేండ్లుగా చూస్తాండాం. చేయి పడకుంటే వాని దగ్గర ముక్కలుండాయని మేము లేస్తాం. ఇవ్వాళ కవరే పీకి పారేస్తివే. ఇట్ల మోసం చేయొచ్చునా అప్పా? నువ్వు చెప్పు రాజన్నా."

మునివెంకటప్ప అతని వంక, తర్వాత కలైవాణి వంక చూశాడు. కలైవాణి నేల చూస్తోంది. ఈ మూడు వేసవులూ తను ముక్కలు ఆడుతున్నాననుకున్నాడు. వాళ్లు తన మణికట్టును ఆడుతున్నారు. ఎన్ని మడులు, ఎన్ని పంటలు. రెండు పంటలు. కోపం రావాల్సిన చోట కూడా భయమే వచ్చింది: ఇన్నాళ్లూ తెలియనిది ఇంకేముందో.

గింజలు ఒడిలోకి పోసుకుంటూ అప్పుడు చూసుకున్నాడు. కుడిచేయి ఒట్టిది. ఈరప్ప వేళ్లు తిరిగిన గింజలు, ముక్కలు, అన్నీ ముట్టుకున్న చేయి.

"అయ్యో," అంది కలైవాణి. ఆమె కూడా అప్పుడే చూసింది.

ఇంటి దగ్గర పిల్లమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ దశలో పురుగుకు ఆకు వేయడం ఒక్క మనిషి పని కాదు. ఒకరు కోసుకొస్తుంటే ఒకరు పరవాలి. తట్టల మధ్య నిలబడి వీపు పట్టేసినా ఆగకూడదు. రేపటిదాకా ఆమె ఒక్కతే. నీళ్లు దక్కాయి, చేయి పోయింది. చేతిని ఒంటికి దూరంగా, తనది కానట్టు చాచి పట్టుకున్నాడు.

"నేను పోయి చెప్తాలే పిల్లమ్మక్కకు," అంది కలైవాణి లేస్తూ. "నా పొగాకు లేని చేతులు ఉండాయి గదా. ఎప్పుడన్నా అక్కకు సాయం పోవాల్సి వస్తాదని కవర్లు గూడా తొడుక్కోనే ఆడినాను, చూడు." నిజమే. చిన్న కవర్లు, చీరకొంగు మాటున, అతను ఎన్నడూ గమనించలేదు. "గడప బయట కాళ్లు కడుక్కోని పోతాను. నా మడులు ఈరప్పన్న తిప్పుతాడు. తిప్పుతావా లేదా అన్నా?"

ఈరప్ప తిప్పుతానన్నాడు. ఇవ్వడం లేదు అన్న ఒట్టు నీళ్లకు గానీ పనికి కాదేమో, ఆ సంగతి ఎవరూ తేల్చుకోలేదు.

ఎక్కువ గింజలున్నవాడిదే మొదటి నీళ్లు. ఈరప్ప లేచి స్టార్టరు నొక్కాడు. మోటారు కుయ్‌మని ఆగింది. మళ్లీ నొక్కాడు. లోపలెక్కడో మూలుగు మొదలై, గొంతు పెగిలి, గొట్టం దగ్గి దగ్గి ఎర్రటి బురదనీళ్లు కక్కింది, ఆ తర్వాత నీళ్లు. ధార బలంగా లేదు. వోల్టేజీ తక్కువున్నట్టుంది. ఎప్పుడైనా ఆగవచ్చు.

రాజప్ప లేచి నిలబడ్డాడు. ఎన్నో ఏళ్లు పెద్దపెద్ద బల్లల దగ్గర గెలిచినవాళ్లను చూశాడు. గెలిచినవాడు సిగరెట్టు వెలిగిస్తాడు, కుర్చీ వెనక్కి వాలుతాడు, టీ తెచ్చినవాడికి కూడా నవ్వు పంచుతాడు. గెలిచి ఇలా భయపడుతున్న మనిషిని చూడటం ఇదే మొదలు. ఏదన్నా అనాలనిపించింది. బాగా కూర్చున్నావప్పా అందామనుకున్నాడు. లేకపోతే, జాకీ పడినాక ఎందుకు లేవలేదు, నా మాట వల్లనేనా అని అడుగుదామనుకున్నాడు. అది తెలుసుకోవాలని అతనికి ఎందుకో చాలా ఉంది. "మునెంకటప్పా, ఒక మాట," అంటూ గుమ్మం దాటాడు.

మునివెంకటప్ప పార భుజాన వేసుకున్నాడు. కాలువలో నీళ్ల మొన నెర్రెల్లోకి ఇంకుతూ, చెత్తను నెట్టుకుంటూ, ఆగుతూ కదులుతోంది. అది ఆగిన చోట అతను ఆగుతున్నాడు, అది కదిలితే కదులుతున్నాడు. వెనకాల మోటారు చప్పుడు సన్నబడిందేమోనని ఒకసారి చెవి వంచాడు. సన్నబడలేదు. రాజప్ప పిలుపు వినబడిందో లేదో, వెనక్కి మాత్రం తిరగలేదు. నీళ్ల మీది నుంచి కళ్లు తీయకుండా మొదటి గట్టు దాటాడు, రెండో గట్టు దాటాడు, ముడుచుకున్న మల్బరీ ఆకుల మధ్యకు నడిచిపోయాడు.